ముందు ఖాళీ పళ్లెం

మన పుదుచ్చేరిలో ఏ భాషవాడైనా రోజుకు పదిసార్లు వాడే మాట ఒకటుంది: అడ్జస్టు. బస్సులో ముగ్గురి సీటులో నలుగురు కూర్చోవాలంటే అడ్జస్టు. పెళ్లి పంక్తిలో పాయసం అయిపోతే అడ్జస్టు. ఆ మాటను నేను తప్పుపట్టను. అది లేకపోతే ఇంత ఇరుకు ఊళ్లో ఇంతమందిమి కొట్టుకోకుండా బతకలేము. కానీ ఆ మాట బస్సు దిగి ఇంకా ఎక్కడెక్కడికి నడిచి వెళుతోందో మనం చూడటం లేదు. అదే చూపిద్దామని ఈ కథ చెబుతున్నాను.

పెద్ద మార్కెట్టు పక్క వీధిలో అశ్వత్థనారాయణ అంగడి ఉంది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, కరక్కాయ, వాము, అన్నీ ఎండు దినుసులే. తాతల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. ఆయనకు తెలుగు అక్షరాలు మాత్రం రావు. ఆ అంగడికి ఒక ఆచారం ఉంది. ఎవరు ఏది అడిగినా ముందు ఖాళీ పళ్లెం తుడిచి, ఎత్తి చూపించి, కాటా మీద పెట్టి, సున్నా కనబడ్డాకే సరుకు వేస్తారు. ఇత్తడి తక్కెడ పోయి కరెంటు కాటా వచ్చి ఇరవై ఏళ్లయినా ఆ అలవాటు పోలేదు.

"చెట్టియారే, యాభై గ్రాముల మిరియాలకు ఇంత పూజా?" అని తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు.

"పూజే అనుకోప్పా. పళ్లెం చూపించకుండా తూచింది తూకం కాదు, దోపిడీ. మా తాత చెప్పిన మాట" అని ఆయన నవ్వేస్తాడు.

తూకం అయ్యాక ఆయన ఇంకో మాట కూడా చెబుతాడు. ఎవరూ అడక్కపోయినా చెబుతాడు. "మా పాప భరణి ఎమ్మెస్సీ చదువుతా ఉండాది. బయోమెడికల్ సైన్సెస్." ఆ పేరు తడబడకుండా పలకడానికి ఆయనకు నెల పట్టింది.

"డాక్టరు కాదా మరి?" అని ఎవరైనా పెదవి విరిస్తే ఊరుకోడు. "డాక్టరు మందు రాసేముందు జబ్బు ఏందో తేల్చి చెప్పాల గదా? ఆ తేల్చే చదువు మా పాపది. తేల్చేవాళ్లు తప్పు చెప్తే ఎంత పెద్ద డాక్టరైనా ఏం చేస్తాడు?" అంటాడు. ఆ వంశంలో డిగ్రీ దాటి చదివినవాళ్లు మగవాళ్లలోనూ లేరు. జూలైలో చేరేలా చెన్నై కంపెనీలో ఉద్యోగం కూడా ఖాయమైంది. పట్టా చేతికి రావడమే తరువాయి.

భరణి పరిశోధన తేంగాయితిట్టు చేపల రేవులో. వాన నీళ్లలో, ఐసు నీళ్లలో రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు ఎలుక జ్వరం సోకే ప్రమాదం ఉంది. చేపలు కోసే ఆడవాళ్లు, బుట్టలు మోసేవాళ్లు, అరవైమంది దగ్గర నెత్తురు తీసి, ఆ క్రిమి ఉందో లేదో ఆమె చూసింది. ఇరవై ఒక్కమందిలో ఉన్నట్టు తేలింది. కళాశాలలో అందరూ శభాష్ అన్నారు. నియమం ప్రకారం ఆ ఇరవై ఒక్కమందికీ చెప్పి ఆసుపత్రికి పంపింది.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఇలాంటి పరీక్షలో ప్రతి విడతా, ఎవరి నెత్తురూ కలపని వట్టి నీళ్ల గొట్టం ఒకటి పెట్టాలి. అందులో క్రిమి కనబడకూడదు. కనబడిందంటే వాడిన నీళ్లలోనో పరీక్ష మందులోనో కల్తీ ఉన్నట్టు, మిగతా ఏ ఫలితాన్నీ నమ్మకూడనట్టు. వ్యాపారస్తుల బిడ్డ కదా, ఖరీదైన మందు మిగులుతుందని భరణి మధ్య విడతలన్నిటిలో ఆ వట్టి గొట్టం మానేసింది. పని అంతా అయ్యాక మిగిలిన మందుతో ఒక్కసారి పెట్టి చూసింది. వట్టి నీళ్లలోనే క్రిమి కనబడింది. ఫలితాల ఫోటోలో ఒక్కో గొట్టానికి ఒక్కో గడి ఉంటుంది, చివరి గడి ఈ వట్టి గొట్టానిది.

ల్యాబులో ఆమెకు సీనియర్ ఫణిధర్, యానాం నుంచి వచ్చినవాడు. అతను ఆ ఫోటో చూసి చాలా తేలిగ్గా అన్నాడు: "ఏముందమ్మా, ఆ చివరి గడి కత్తిరించేసి పెట్టెయ్. ఎవరు చూడొచ్చారు? అందరూ చేసేదే."

అతను చెడ్డవాడు కాదండీ. పరీక్ష రోజున తన టిఫిను జూనియర్లకు పెట్టేసే మనిషి. మన దేశంలో ఇలాంటి సలహాలు ఎప్పుడూ మంచివాళ్లే ఇస్తారు, అదే బాధ.

ఆదివారం సారం అనే పేటలోని తమ ఇంట్లో భోజనాల దగ్గర భరణి ఉన్నదంతా చెప్పేసింది. అశ్వత్థనారాయణ ముద్ద చేతిలోనే పెట్టుకుని అడిగాడు.

"చెప్తే ఏమౌతాది?"

"అంతా మళ్లీ మొదట్నుంచి చెయ్యాల నాయినా. ఆరు నెలలు పడతాది. ఉద్యోగం పోతాది."

"చెప్పకపోతే?"

"ఎవురికీ తెలీదు."

ఆయన ముద్ద కంచంలో పెట్టేసి మెల్లగా అన్నాడు. "కొంచెం అడ్జస్టు చేసుకో పాపా. ఒక్క గొట్టమే గదా."

రోజూ పళ్లెం తుడిచి చూపించే మనిషే ఆ మాట అన్నాడు! భరణి కంచం తీసుకుని లేచిపోయింది.

బుధవారం పొద్దున అంగడికి ఒకామె శొంఠి, మిరియాలు కొనడానికి వచ్చింది. పేరు సెంగమలం. రేవులో చేపలు కోస్తుంది. అశ్వత్థనారాయణ అలవాటు ప్రకారం ఖాళీ పళ్లెం ఎత్తాడు.

"చూపించొద్దులే చెట్టియారే. నీ తూకం మీద నాకు నమ్మకమే" అంది సెంగమలం. "ఆ చదువుకునే పిల్లనీ ఇట్లనే నమ్మినా. నెత్తురు తీసుకుని, నీకు ఎలుక జ్వరం క్రిమి ఉండాది అని చెప్పింది. పక్కదానితో నోరు జారినా. సాయంత్రానికి రేవంతా తెలిసిపోయింది. ఎనిమిది రోజులుగా నన్ను చేపలు కోసే వరసలో కూర్చోనీయటం లేదు. నా చెయ్యి తగిలిన చేప అమ్ముడుపోదంట. ఇంట్లో నా కోడలు నా గ్లాసు వేరే పెట్టింది. నాకు జ్వరం లేదు, నొప్పి లేదు. అయినా పెద్ద చదువు చదివిన పిల్ల అబద్ధం చెప్తాదా?"

ఆయన చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల ఈయన కూతురేనని ఆమెకు తెలియదు. సరుకు కట్టి ఇచ్చి, అంగడి పక్కవాడికి అప్పగించి, స్కూటరు తీశాడు. ఊరి బయట ఉన్న కళాశాలకు చేరేసరికి చొక్కా చెమటకు తడిసిపోయింది. భరణి వరండాలోనే ఎదురైంది.

"పాపా, ఆదివారం నేను చెప్పింది మర్చిపో. పోయి మీ మేడంకి నిజం చెప్పేయ్!"

భరణి కళ్లు దించుకుంది. "సోమవారమే చెప్పేసినా నాయినా. నీకు బాధగా ఉంటాదని ఇంట్లో అనలేదు. నీ మాట వినలేదు, కోప్పడొద్దు."

"నా మాటే విన్నావే తల్లీ. ఇరవై ఏండ్లుగా అంగట్లో నా చెయ్యి చేసేది చూసినావు. ఇంట్లో నా నోరు చెప్పింది వినలా. బంగారు పని చేసినావు" అని ఆయన కూతురి తల నిమిరాడు.

ఆమె గురువు హేమావతి మేడం అప్పటికే ఆమెను గట్టిగా మందలించి, ఫలితాలన్నీ వెనక్కి తీసుకుని, రేవులో అందరికీ స్వయంగా చెప్పి రమ్మని ఆజ్ఞ ఇచ్చింది. తండ్రీకూతుళ్లు స్కూటరు మీద రేవుకు బయలుదేరారు. ముందు సెంగమలం ఇంటికి వెళ్లి చెబితే ఆమె ఊరుకోలేదు. "నాకొక్కదానికి చెప్తే ఏం లాభం? నన్ను తోసేసింది వరస. వరస ముందరే చెప్పు" అంది.

భరణి చేపల వరస ముందు నిలబడి గట్టిగా చెప్పింది. "తప్పు సెంగమలం అక్కది కాదు, నాది. చెయ్యాల్సిన పరీక్ష నేను చెయ్యలేదు. మీకు చెప్పిన ఫలితం ఏదీ నమ్మొద్దు."

వాళ్లేం పూలదండలు వెయ్యలేదు. "మా నెత్తురు నీకు ఆటగా ఉందా?" అని ఒకామె కత్తిని పీట మీద కొట్టి అరిచింది. ఇంకొకామె చేప పొలుసుల నీళ్లు కాళ్ల ముందు పారబోసింది. అశ్వత్థనారాయణ చేతులు కట్టుకుని కూతురి పక్కనే నిలబడ్డాడు. అందరూ అలిసిపోయాక భరణి అసలు మాట అడిగింది. మళ్లీ నెత్తురు ఇవ్వాలి. ఎవరూ కదల్లేదు.

అప్పుడు సెంగమలం చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని, వరసలోని తన పాత చోట కూర్చుని, మోచేయి చాచింది. "తీసుకో పాప్పా. తప్పు చేసినోళ్లు మనకు వెయ్యిమంది తెలుసు. వచ్చి చెప్పినోళ్లు యాడ ఉండారు?" అంది. ఆ వెనక ఒక్కొక్కరే వచ్చారు.

ఉద్యోగం పోయింది. జూలై వచ్చి వెళ్లింది. "పాప తప్పిందంట గదా చెట్టియారే?" అని వీధిలో పలకరించినవాళ్లకు దణ్ణం పెట్టి ఆయన అంగడి వైపు నడిచేవాడు. భరణి ఆరు నెలలు మొదటి నుంచి పని చేసింది. ప్రతి విడతకూ ముందు వట్టి గొట్టమే పెట్టింది. ఈసారి అరవైమందిలో నలుగురికే క్రిమి ఉన్నట్టు తేలింది. వాళ్లలో సెంగమలం లేదు. మొదటి ఇరవై ఒక్కమందిలో లేని నటేశన్, ఐసు మోసేవాడు, ఉన్నాడు. లోపల ముదురుతున్న జబ్బు బయటపడి, సమయానికి మందు పడి, బతికి బట్టకట్టాడు.

చివరి పరీక్ష రోజున చెన్నై నుంచి పరీక్షకుడిగా ముకుందన్ అనే పెద్దాయన వచ్చారు. ఎవరైనా వచ్చి కూర్చుని వినగలిగే పరీక్ష అది. వెనక బెంచీలో అశ్వత్థనారాయణ, ఆయన పక్కన పట్టుచీర కట్టుకుని సెంగమలం. భరణి మొట్టమొదట చూపించింది, క్రిమి కనబడిన ఆ వట్టి గొట్టం ఫోటోనే.

"దీన్ని కత్తిరించేసి ఉంటే మాకు తెలిసేదా?" అని ఆయన అడిగారు.

"తెలిసేది కాదు సార్. నటేశన్‌కీ తెలిసేది కాదు."

ముకుందన్ కళ్లజోడు తీసి పిల్లలందరి వైపూ తిరిగారు. "నలభై ఏళ్లుగా పరీక్షకుడిగా ఉన్నాను. అందరూ నాకు తమ గెలుపులే చూపిస్తారు. తన తప్పును మొదటి పేజీలో పెట్టిన పిల్లను ఈరోజే చూశాను. పట్టా మనం తెలివికి ఇస్తాం. కానీ జబ్బుపడ్డ మనిషి మనల్ని నమ్మేది తెలివి చూసి కాదు, నిజాయితీ చూసి." చప్పట్లు మొదట కొట్టింది ఫణిధర్. అతని కళ్లలో నీళ్లున్నాయి.

మర్నాడు అంగట్లో పాత ఖాతాదారు ఒకతను ఎగతాళిగా అడిగాడు. "రెండేళ్ల చదువుకు రెండున్నర ఏళ్లా చెట్టియారే? ఆ ఆరు నెలలూ ఏం చేసింది మీ పాప?"

అశ్వత్థనారాయణ పళ్లెం తుడిచి, ఎత్తి, ఎండలో మెరిసేలా అటూ ఇటూ తిప్పి చూపించాడు. ఆయన ఛాతీ ఉప్పొంగింది.

"ఖాళీ పళ్లెం చూపించిందప్పా. అది చూపించనిదే ఏ చదువూ చదువు కాదు."