గోడ మీది సాదిక్

"అత్తయ్యగారూ, ఆ తాళాలు నాకొద్దు!" అని సాదిక్ గొంతు సన్నగా చేసి అరిచాడు. వెంటనే మెడ కుడివైపు తిప్పి, గొంతు బొంగురు చేసుకుని, అత్తయ్యగారి జవాబు కూడా తనే చెప్పాడు. బాగుందనిపించాక కాగితం మీద పెట్టాడు. పదకొండేళ్లుగా పొద్దున్నే ఇదే పని. టీవీలో కోడలు ఏడవాలంటే ముందు ఇక్కడ సాదిక్ ఏడవాలి. కాగజ్‌నగర్‌లోని ఆ గల్లీకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు అతని భార్య ఖాజాబీని పక్కకు పిలిచి, "మీ ఇంట్ల గా ఆడోళ్ల పంచాయితి ఏందమ్మా?" అని అడగని ఏడాది లేదు.

సాదిక్ సన్నటి మనిషి. యాభై దాటాడు. కలం ఒరుసుకుని కుడిచేతి మధ్యవేలు మీద గింజంత కాయ కాసింది. కళ్లద్దాల ఎడమ కాడ విరిగితే పోయిన వారం ఖాజాబీ తెల్లదారం చుట్టి బిగించింది. కొత్తవి కొనుక్కోమంటే వింటేగా! తండ్రి బాబు మియా పేపరు మిల్లులో చేసి రిటైరైన మనిషి కాబట్టి, ఈయనగారికి కాగితం మీద తప్ప మాట పుట్టదు. రాసిన కాగితాలను ఫోనుతో ఫోటో తీసి హైదరాబాదుకు పంపుతాడు. మధ్యాహ్నానికల్లా అక్కడ షూటింగు మొదలవుతుంది.

సినిమాలు రాద్దామని హైదరాబాదు పోయిన మనిషే. ఎనిమిదేళ్లు కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉన్నాడు. రెండు సినిమాలకు మాటలు రాశాడు. ఒకటి విడుదల కాలేదు. రెండోదానికి తెర మీద వేరే ఎవరి పేరో పడింది. ఆ పేరు పడగానే హాల్లో గట్టిగా చప్పట్లు కొట్టింది ఇతనే, పిచ్చి మారాజు. ఆ తర్వాత 'గడప దాటని గౌరి' సీరియల్ దొరికింది.

మొదటి రోజు షూటింగులో గౌరి చనిపోయిన తండ్రి ఫోటో ముందు నిలబడి ఏడవాలి. లైట్లు వెలిగాయి, గౌరి కళ్లల్లో గ్లిజరిన్ కూడా వేసుకుంది, ఫోటో మాత్రం లేదు. తెప్పించాలని ఎవరికీ గుర్తు లేదు. అందరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే సాదిక్ పర్సులోంచి తన ఫోటో తీసిచ్చాడు. దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, అద్దం మీద కుంకుమబొట్టు పెట్టి, గంధపు దండ వేశారు. ఒక్కరోజుకే కదా అనుకుని కాగజ్‌నగర్‌కు తిరిగొచ్చాడు. సీరియల్లో ఒకసారి గోడకెక్కిన తండ్రి మళ్లీ దిగుతాడా? ఆనాటి నుంచి 'గౌరి నాన్న ఫోటో వైపు చూస్తుంది' అని ఎన్ని వేలసార్లు రాశాడో అతనికే తెలియదు.

"బతికున్న మనిషికి దండేంది జీ? తీసెయ్యుమను" అని ఖాజాబీ టీవీలో చూసిన రోజే అంది. పదకొండేళ్లుగా అంటూనే ఉంది. సాదిక్ నవ్వేసేవాడు. రెండు నెలల కింద ఆ నవ్వు ఆగిపోయింది.

మొదట చూసింది పక్కింటి లస్మవ్వ. ఆమె ఒక్క రోజు సీరియల్ కూడా విడిచిపెట్టలేదు. "గోడ మీద గూడ నీ మొగనికి మీసం నెరుస్తుందే ఖాజమ్మా!" అని పకపకా నవ్వింది. ఖాజాబీ చూసింది. నిజమే. పర్సులో ఉన్నప్పుడు ఆ మీసం నల్లగా నిగనిగలాడేది. పోయిన నెల ఫోటోలోకి కళ్లద్దాలు వచ్చాయి. సాదిక్ హైదరాబాదుకు ఫోన్ చేశాడు. సీరియల్ పనులన్నీ చూసే స్నిగ్ధ మెట్‌పల్లి అమ్మాయి.

"ఫోటో మార్చిండ్రా బిడ్డా?"

"లేదు సార్, అదే ఫోటో. మొదటి రోజు కొట్టిన మేకుకే ఉన్నది. ఎవ్వరం ముట్టలే."

నిన్న సాయంత్రం ఖాజాబీ టీవీ దగ్గరికి పోయి తెర మీద వేలు పెట్టింది. ఫోటోలోని కళ్లద్దాల ఎడమ కాడకు తెల్లదారం చుట్టి ఉంది. ముడి కూడా ఆమె వేసిన ముడే. రాత్రి ఇద్దరూ అన్నం ముట్టలేదు. భయమేసింది మరి, వెయ్యదా?

ఇవాళ రాస్తున్నది ఆఖరి ఎపిసోడు. సీరియల్ మూసేస్తున్నారు. దండ దించడానికి ఇక ఈ ఒక్క రోజే ఉంది.

తొమ్మిదింటికి స్నిగ్ధ ఫోన్ చేసింది. "సార్, ఆఖరికి గౌరి నాన్న ఫోటోకు కొత్త దండ ఏసి మొక్కుతది. గట్ల ముగించుదమని ఛానలోళ్లు అంటున్నరు."

"వద్దు బిడ్డా. దండ తీసెయ్యాలె. పదకొండేండ్లల్ల నేను ఒక్కటన్న అడిగిన్నా? గిదొక్కటి జెయ్యి."

"సరే సార్, మీరు రాసిందే తీపిస్త. ఫికర్ జెయ్యకుండ్రి."

సాదిక్ రాశాడు. గౌరి స్టూలు ఎక్కుతుంది. దండ తీస్తుంది. అద్దం మీది బొట్టు కొంగుతో తుడుస్తుంది. 'నాన్నా, ఇంకా ఎన్నాళ్లు నాకు కాపలా ఉంటావు?' గౌరి మాట పైకి చెప్పి చూసుకున్నాడు. ఎప్పటిలాగే జవాబు కోసం మెడ తిప్పాడు. ఇన్నేళ్లలో గౌరి ఇంటిల్లిపాదికీ గొంతు ఇచ్చాడు కానీ ఫోటోకు ఏనాడూ ఇవ్వలేదు.

"చాలు బిడ్డా. ఇగ పోత" అన్నాడు.

వంటింట్లోంచి ఖాజాబీ చేతిలో గరిటెతోనే వచ్చింది. "ఎవరొచ్చిండ్రు జీ?"

"ఎవ్వరు రాలే. నేనే."

"నీ గొంతు నాకెర్క లేదా? ఇది నీది గాదు."

ఫోటో చెప్పిన ఆ మాటను సాదిక్ కాగితం మీద పెట్టలేదు. పేజీలు పంపించి, ఖట్టీ దాల్‌తో నాలుగు ముద్దలు తిని, కిటికీ పక్క కుర్చీలో వాలాడు. కళ్లద్దాలు తీసి కాగితాల మీద పెట్టాడు. "దండ తీసినంక ఫోటో పంపుమన్న. వస్తే లేపు ఖాజా. జర కండ్లు మూసుకుంట."

నాలుగున్నరకు ఫోను మోగింది. ఖాజాబీ కొంగుకు చేతులు తుడుచుకుని తెరిచింది. గౌరి వేషం వేసిన అమ్మాయి స్టూలు మీద నిలబడి ఉంది. దండ ఆమె చేతిలో ఉంది. అద్దం మీద బొట్టు లేదు. ఫ్రేములో నల్లమీసం మనిషి, కళ్లద్దాలు లేకుండా, పర్సులో ఉన్ననాటి లాగే నవ్వుతున్నాడు. కింద స్నిగ్ధ రాసింది: 'అయిపోయింది సార్.'

"తీసిండ్రు జీ! తీసేసిండ్రు!" ఖాజాబీ చిన్నపిల్లలా ఉరికింది. "లే, చూడు! నీ మెడల దండ పోయింది!"

భుజం పట్టి ఊపింది. చెయ్యి ఒళ్లోంచి జారి కుర్చీ పక్కన వేలాడింది. అది అప్పటికే చల్లబడింది. ఆమె ఫోనులోని మొహాన్ని చూసింది, కుర్చీలోని మొహాన్ని చూసింది. పదకొండేళ్లు ఆ దండ కోసం పోట్లాడింది. తీసేశారు. ఇక ఎవరి కోసం పోట్లాడాలి? "యా అల్లా, మళ్ల ఎయ్యుమను! మళ్ల ఎయ్యుమను!" అని గోడ అవతలికి వినపడేలా ఏడ్చింది.

లస్మవ్వ పరుగున వచ్చి ఆమెను పట్టుకుంది. గల్లీ అంతా గుమ్మం ముందు చేరింది. కిటికీ దగ్గర, ఆఖరి పేజీ మీద కళ్లద్దాలు సాదిక్ పెట్టినట్టే ఉన్నాయి. ఎడమ కాడకు తెల్లదారం, కుడి అద్దం మీద, ఆ ఇంట్లో ఏనాడూ లేని కుంకుమ, గౌరి తుడిచినా పోని బొట్టు మరకలా.