నాలుగు పొయ్యిలూ ఒకేసారి

"పొద్దున మంగి వస్తుంది, మెషీను పడకేస్తుంది. మధ్యాహ్నం మంగి వెళ్తుంది, మెషీను లేచి కూర్చుంటుంది. నాలుగు రోజుల్నుంచీ ఇదే వరస. ఇంకా ఏం చూడాలమ్మా నువ్వు?" అన్నాడు వెంకటనారాయణ.

ఆయన గని ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్‌కి ఇన్‌ఛార్జి. చిన్నమ్మి ఆయన దగ్గర ఆపరేటరు. పెళ్లై విజయనగరం నుంచి ఈ బస్తర్ కొండల్లోకి వచ్చినప్పుడు ఉతికిన బట్టలు ఆరేలోపే ఎర్ర దుమ్ము పట్టేస్తోందని ఏడ్చిన మనిషి, ఇప్పుడు ఈ టౌన్‌షిప్పులో అందరి తరఫునా పోట్లాడుతుంది.

"చీపురు పట్టుకున్నంత మాత్రాన మెషీను పాడవుద్దా సార్? గాజు గదిలోకి తడిగుడ్డ కూడా తేదది."

"ప్లగ్గు కదిలిస్తోందో, ఇంకేం చేస్తోందో! ఖనిజం రైలు సైడింగులో నిలబడి ఉంది. వ్యాగన్ల స్లిప్పులు చేతికి రాకుండా అది కదలదు. పైనుంచి అక్షింతలు పడేది నాకు. కాంట్రాక్టరుకి చెప్పి రేపట్నుంచి ఇంకో మనిషిని రప్పిస్తాను."

"బాలింత సార్. ఏడో నెలకే కాన్పయింది. మొగుడు లేడు. ఈ పనీ పోతే ఏటి తిని పాలిస్తాది?"

వెంకటనారాయణ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే. మధ్యాహ్నం లోగా తప్పెక్కడుందో చూపించు. చూపించలేకపోతే ఫోన్ చేసేస్తాను. తర్వాత నా మీద పడి ఏడవొద్దు."

ఆయన తన గదిలోకి వెళ్లిపోయాడు. మంగి అప్పుడే నీళ్లు పట్టుకొచ్చి వరండాలో బకెట్టు దించుతోంది. దోర్నపాల్ అవతలి పల్లె నుంచి వచ్చిన పిల్ల. సన్నగా, రివటలా ఉంటుంది.

"బిడ్డెలా ఉందే?" అంది చిన్నమ్మి.

"మంచిగుందక్కా. ఎచ్చగుంది."

ఇంటి దగ్గర తల్లి సోమ్లీ చూసుకుంటోంది కాబోలు అనుకుంది చిన్నమ్మి.

స్టూలు లాక్కుని తెర ముందు కూర్చుంది. గాజు గదిలో నిలబడ్డ ఆ బీరువాలాంటి మెషీనుకి నాలుగు ప్రాసెసర్లు. నాలుగూ పని పంచుకుంటాయి గనకే అంత పెద్ద రైలు లెక్క చిటికెలో తేలిపోయేది. ఇప్పుడు ఒక్కో స్లిప్పూ ముక్కుతూ మూలుగుతూ వస్తోంది.

ముందు, తెలియకుండా నడుస్తున్న ప్రోగ్రాం ఏదైనా ఉందేమో వెతికింది. ఏమీ లేదు. డిస్కు నిండిపోయిందా? సగం కూడా లేదు. నాలుగింటిలో ఒకటి చచ్చి ఉంటుందని, ఒక్కోదానికీ విడివిడిగా ఒకే లెక్క ఇచ్చి చూసింది. మొదటిది ఈడుస్తూ చేసింది. రెండోదీ అంతే. మూడూ నాలుగూ కూడా అదే నడక.

అక్కడ ఆగింది. ఇంట్లో ఒక పొయ్యి సరిగా మండకపోతే బర్నరు తీసి తుడుస్తాం. అన్ని పొయ్యిలూ ఒకేసారి తగ్గితే బర్నర్ల జోలికి ఎవరు పోతారు? సిలిండరు దగ్గరికి వెళ్తాం. మరి ఈ నాలుగూ కలిసి వాడుకునేదేమిటి? కరెంటు. మీటరు చూసింది, సరిగానే ఉంది. మెమరీ పరీక్ష పెట్టింది, అదీ సరిగానే ఉంది. ఇక మిగిలింది గాలి.

ఎక్కువ వేడెక్కితే ఈ ప్రాసెసర్లు కాలిపోకుండా తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఏసీ ఇంత చల్లగా ఉంటే ఎందుకు వేడెక్కుతాయి? గాజు గదిలోకి వెళ్లి మెషీను ముందువైపు జాలీ దగ్గర చెయ్యి పెట్టింది. చల్లగాలి లోపలికి పోతోంది. అంటే బయటికి రావలసింది రావడం లేదు.

మెషీనుకీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగితేగానీ పట్టని సందు. అటు ఎప్పుడో గానీ ఎవరూ వెళ్లరు. చిన్నమ్మి చీర కుచ్చెళ్లు పైకి దోపి దూరింది. అవతల చీకటిగా, ఉడుకెత్తిపోతూ ఉంది. కేబుళ్లు పోయే ఇనప చట్రం నుంచి ఒక పాత చీర వేలాడుతోంది. దాని బరువంతా వెనక జాలీకి ఆనుకుని ఉంది.

గుడ్డల మూట! చిన్నమ్మికి ఒళ్లు మండిపోయింది. దీని కోసమా తను పొద్దున్నించీ పోట్లాడింది? కోపంగా మూట కింద చెయ్యి వేసి ఎత్తింది.

మూట కదిలింది.

చీర మడతలోంచి జామకాయంత ముఖం కనబడింది. కళ్లు మూసుకుని ఉంది. చెమటకి తడిసిన నాలుగు వెంట్రుకలు. పెదవులు మాత్రం ఏదో చప్పరిస్తున్నట్టు కదిలాయి. చిన్నమ్మి గోడకి జారగిలబడింది. నాలుగు రోజులు. గాజుకి ఇవతల కూర్చుని తను టీ తాగుతోంది, స్లిప్పులు చింపుతోంది, నవ్వుతోంది. అవతల ఇది.

"అక్కా, తియ్యకు! సల్లబడతది!"

సందు మొదట్లో మంగి. చేతిలో చీపురు పడిపోయింది.

"ఏటే ఇది? ఏటి చేస్తున్నావే నువ్వు?"

"డాక్టరమ్మ ఎచ్చగ ఉంచమన్నది. మా ఊళ్లె బాలింత పక్కన నిప్పు ఆరనియ్యరక్కా. ఈడ గుడిసె అంత కారుతున్నది. పొయ్యిల లకిడీ తడిసింది, అంటుకుంటలేదు. మా అమ్మ ఊదీ ఊదీ ఏడ్సింది." "నువ్వే చెప్పినవ్ గద. ఈ నిప్పు ఎప్పుడూ ఆరదని."

చెప్పింది. ముసురు మొదలైన రోజున తడిసిన తన శాలువా ఇక్కడే ఆరేసి, మంగి చెయ్యి పట్టుకుని ఆ గాలిలో పెట్టి, "చూడవే, పొయ్యి దగ్గర కూర్చున్నట్టు లేదూ? ఈ నిప్పు ఎప్పుడూ ఆరదు" అని నవ్వింది తనే.

"ఊపిరాడకపోతే ఏమయ్యేదే? ఇంకొంచెం వేడెక్కితే?"

"మీరెవ్వరు రాకముందే తెచ్చి పెట్టి, గడియగడియకు వచ్చి చూస్తున్ననక్కా. పాలిస్తున్న."

మూట తీసిన జాలీలోంచి వేడిగాలి బుస్సున వచ్చి చిన్నమ్మి ముఖానికి కొట్టింది. బిడ్డని పొదివి పట్టుకుని సందులోంచి బయటపడింది. ఏసీ గాలి తగలగానే బిడ్డ ముడుచుకుపోయి, పిల్లికూనలా సన్నగా ఏడ్చింది.

కాసేపటికి అవతలి గదిలో ప్రింటరు టకటకా అందుకుంది. ఒకటి, ఇంకొకటి, ఆగకుండా స్లిప్పులు.

"శభాష్! దొరికిందా? ఏమిటి తప్పు?" వెంకటనారాయణ దాదాపు పరుగున వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. బిడ్డనీ, మెషీనునీ, సందులోంచి వేలాడుతున్న చీర కొంగునీ మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖంలో రక్తం లేదు.

"ఇదే సార్," అంది చిన్నమ్మి. "అక్కడ వెచ్చగా ఉంటుందని చెప్పింది నేను."

మంగి ఆయన వంక బెదురుగా చూసి, చిన్నమ్మి చెవి దగ్గరికి వచ్చింది.

"అక్కా, రైలు పోయినంక మళ్ల పెట్టుకోవచ్చునా?"

చిన్నమ్మి అటు తిరిగి జాకెట్టు హుక్కులు విప్పి, బిడ్డని గుడ్డ తీసి రొమ్ముల మధ్య ఆనించుకుని, పైన పైట రెండు మడతలు కప్పింది. అరచేతిలో ఇమిడిపోయే పాదాలు మంచుముక్కల్లా తగిలాయి. మెషీను వెనక నుంచి తను తీసి ఎంతసేపైందని, అప్పుడే ఇంత చల్లదనం!

"బండి పిలవండి సార్, ఆసుపత్రికి," అంది గోడవైపు చూస్తూనే.

వెనక ఫోను తీసిన చప్పుడైంది. ముందు డ్రైవరుని పిలిచాడు. పెట్టేసి, కాస్త ఆగి, మళ్లీ తీశాడు.

"కాంట్రాక్టరుగారా? ఆఁ, పొద్దున చెప్పానే, ఇంకో మనిషి కావాలని..."

ఫోన్ చేసేశాడన్నమాట, మధ్యాహ్నం దాకా ఆగకుండానే. మంగి నేల మీద పడిన చీపురు వంగి తీసుకుంది.

"వద్దు. పంపకండి," అన్నాడు వెంకటనారాయణ. "తప్పు మెషీనుదే."

పైట కింద చల్లటి పాదం ఒకటి మెల్లగా తన్నింది.