కలిసి కొట్టుకోని గుండెలు

స్కానింగ్ డాక్టరమ్మకో అలవాటుంది. గర్భసంచిలో బిడ్డ గుండె కొట్టుకుంటూ కనబడిందంటే చాలు, పొట్టమీద నుంచి ప్రోబ్ తీసేస్తుంది. దొరికిన వస్తువు కోసం ఇల్లంతా గాలించేదెవరు? ఆ రోజు ఒక అత్తాకోడళ్ళు వచ్చినప్పుడూ అంతే. తెరమీద మినుకుమినుకుమంటున్న చుక్కను చూపించి, అంతా బాగుందని చెప్పింది. కోడలికంటే ముందు అత్తగారి కళ్ళు చెమర్చాయి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అప్పుడే ఫోను పట్టుకుని వరండాలోకి పరిగెత్తింది. రెండుసార్లు కడుపు పోయిన ఇల్లు మరి, ఆవిణ్ణి తప్పుపట్టలేం.

"కుడిపక్క నొప్పిగా ఉందండీ," అంది కోడలు. "లోపల ఎవరో ఒత్తిగిలుతున్నట్టుంది."

గింజంత బిడ్డ ఒత్తిగిలడమేమిటని డాక్టరమ్మ నవ్వింది. నవ్వుతూనే, ఆమె తృప్తి కోసం ప్రోబ్‌ను కుడివైపు జరిపింది. అండాశయం పక్కన, ఏమీ ఉండకూడని చోట, తెల్లటి ఉంగరం కనబడింది. దాని మధ్య ఇంకో చుక్క మినుకుమంటోంది.

యంత్రం ఒక్కోసారి ఒకే బొమ్మను అద్దంలోలా రెండుచోట్ల చూపిస్తుంది, ఇదీ అలాంటిదేనని డాక్టరమ్మ మనసుకు నచ్చజెప్పుకుంది. రెండూ ఒకేసారి తెరమీద పడేలా చెయ్యి వంచింది. నీడైతే అసలుతో కలిసి కొట్టుకోవాలి. ఇవి కలవలేదు. ఒకటి ఆగిన సందులో రెండోది కొట్టుకుంటోంది, పిలిస్తే పలికినట్టు. ఆ చల్లటి గదిలో, అది తననే చూస్తోందనిపించి ఆమెకు నిజంగా భయం వేసింది. ఉంగరం చుట్టూ అప్పుడే నల్లగా నెత్తురు చేరుతోంది.

ఆపరేషన్ థియేటర్‌కు ఫోన్ చేసి, కోడలికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. కడుపులో ఇద్దరున్నారు. ఒకరు సంచి దాకా రాలేక, అండం దిగివచ్చే ట్యూబులోనే ఆగిపోయారు. ఆలస్యమైతే ట్యూబు పగిలి తల్లి ప్రాణానికే ముప్పు. ఆ ఒకరిని ఇప్పుడే తీసేస్తే, సంచిలో ఉన్న బిడ్డ నిలబడొచ్చు.

బయట నుంచి అత్తగారి నవ్వు వినబడుతూనే ఉంది.

"తెర ఇటు తిప్పండి," అంది కోడలు.

చూస్తే మరిచిపోలేవని డాక్టరమ్మ బతిమాలింది.

"దాన్ని చూసింది మీరొక్కరే అయితే ఎలాగండీ? తల్లిని కదా."

డాక్టరమ్మ తెర తిప్పింది. కోడలు ఏడవలేదు. చెయ్యి చాపి, ఆ కుడివైపు చుక్కమీద వేలు ఆనించి అలాగే ఉండిపోయింది.

అప్పుడే అత్తగారు తలుపు తోసుకుని వచ్చింది. కోడలి వేలున్న చోటికి కళ్ళు చికిలించి చూసేసరికి ఆవిడ మొహం విప్పారింది.

"ఇదేనా మన బంగారం?"

"అవునత్తయ్యా," అంది కోడలు. "ఇది కూడా."