ముల్లు వెనక్కి తిప్పిన రోజు

నేను ఒక మత్తు యంత్రాన్ని. నా కడుపులో మందు పోస్తే దాన్ని ఆవిరి చేసి గొట్టం గుండా ఊపిరిలోకి పంపుతాను. నా ముఖం మీద ఒక ముల్లు, దాని చుట్టూ అంకెలు. ముల్లు పెద్ద అంకెల వైపు జరిగేకొద్దీ నిద్ర చిక్కబడుతుంది. ఏదో చలి దేశంలో పుట్టి, మనుషుల ఆసుపత్రిలో కొన్నాళ్లు వెలిగి, వాళ్లు కొత్తదాన్ని కొనుక్కున్నాక విశాఖపట్నంలోని ఈ పశువుల ఆసుపత్రికి చేరాను. మొదట్లో నామోషీగా అనిపించింది. తర్వాత తెలిసింది, మత్తులో కుక్కకీ కలెక్టరుకీ పెద్ద తేడా ఉండదని. ఇద్దరికీ నోరు తెరుచుకునే ఉంటుంది.

పెద్ద డాక్టరు భానోజీరావుగారికి నేనంటే మహా గురి. కత్తి పడగానే కుక్క కదిలిందా, "పెంచండి" అనేవారు. ముల్లు ఎగబాకేది, నేను పొంగిపోయేదాన్ని. గుండె బలం లేని ముసలి ప్రాణాలు కొన్ని బల్ల మీదే ఉండిపోయేవి. "వయసైపోయింది" అంటూ ఆయన చేతులు కడుక్కునేవారు. నాకు చేతులు లేవు గనుక ఆ అవసరమూ రాలేదు.

అలాంటి రోజుల్లో జంతిక వచ్చింది. ఇడ్లీ బండి నడిపే నూకరత్నం పెంచుకున్న ముసలి ఆడకుక్క అది. చుట్ట తిరిగిన తోకను చూసి పెట్టిన పేరు. వెనక కాలి ఎముకలో గడ్డ. కాలు తీయకపోతే బతకదు, తీద్దామంటే గుండె అంతంత మాత్రం.

"మత్తిత్తే మల్లీ లెగుత్తాదా బాబూ? లెగదంటే సెప్పీండి, ఇంటికి తీసుకెల్లిపోతాను. నా ఒల్లోనే పోద్ది" అంది నూకరత్నం.

భానోజీరావుగారు నా వంక చూశారు. నేను ధీమాగా నిలబడ్డాను. అప్పుడు కొత్తగా చేరిన డాక్టరు షమీమ్ నోరు విప్పింది.

"సార్, నిద్రపోయినంత మాత్రాన ఒంటికి నొప్పి తెలియకుండా పోదు కదండీ. ఆ నొప్పికే కదులుతున్నాయి. మనం గ్యాస్ పెంచుతున్నాం, బీపీ పడిపోతోంది. నొప్పిని ఆపే మందులు, మార్ఫిన్, లిగ్నోకైన్, కెటమిన్ కొంచెం కొంచెం సెలైన్‌లో కలిపి ఎక్కిద్దాం."

"ఇంత మిషన్ ఉండగా అన్ని మందులెందుకమ్మా?"

"మిషనూ ఉంటుందండీ. కాస్త తక్కువ పని చేస్తుంది."

అందరి ముందూ ఆ మాట పడేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

చివరికి ఆయన సరేనన్నారు, నూకరత్నమూ తలూపింది. సెలైన్ చుక్కలు మొదలయ్యాయి. కత్తి పడింది. జంతిక కదలలేదు. షమీమ్ నా ముల్లును వెనక్కి తిప్పింది. దాచడమెందుకు, నాకు కుళ్లుగా ఉంది. ఒక్కసారి కదిలితే బాగుండునని కోరుకున్నాను కూడా. ఎముక కోస్తుండగా జంతిక చెవి అదిరింది. భానోజీరావుగారి చెయ్యి అలవాటుగా నా మీదికి వచ్చింది. షమీమ్ మాత్రం సెలైన్ ధారను కాస్త పెంచింది. చెవి కుదురుకుంది, బీపీ నిలబడింది. ఆయన నెమ్మదిగా చెయ్యి తీసేశారు.

కుట్లు అయ్యాక జంతిక తల ఎత్తి, తోకతో బల్లను కొట్టింది. నూకరత్నం ఏడుస్తూ లోపలికొచ్చి, కొంగున కట్టుకున్న అమ్మవారి కుంకుమ విప్పి, తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"నా పిల్లని బతికించేసినావు తల్లీ" అంటూ నా ముఖాన బొట్టు పెట్టింది.

షమీమ్ నవ్వి సెలైన్ గొట్టం విప్పసాగింది. నేను దర్జాగా బొట్టు పెట్టించుకున్నాను. ఇన్నేళ్ల కొలువులో అతి తక్కువ పని చేసిన రోజునే నాకు పూజ జరిగింది.

ఆ బొట్టు పెద్ద అంకెల మీద పడింది. ముల్లు ఇప్పుడు అంత దూరం రావడం లేదు, అందుకే ఇంకా చెరగలేదు.