ఫిర్యాది కరియమ్మ

ఈ జనవరి పంతొమ్మిది, సోమవారం. పొద్దున జొన్నరొట్టె, పుండికూర తిన్నాము. కరియమ్మ మాత్రం ముట్టలేదు. పదకొండు గంటలకు రాయచూరు వినియోగదారుల కమిషన్ ముందు ఆమె కేసు. విచారణ ఫోనులోనే.

కరియమ్మ మా వీధి గదిలో బట్టలు కుడుతుంది. నా భార్య లలితాంబ ఉన్నప్పుడు ఇచ్చిన గది. కిందటి సెప్టెంబరులో పాత మిషన్ అమ్మేసి, ఆన్‌లైన్‌లో మోటారు మిషన్ తెప్పించుకుంది. అమావాస్య ముందురోజు వచ్చిన పెట్టెను ఆయుధపూజ దాకా విప్పలేదు. పూజ లేకుండా కొత్త మిషన్‌ను ఎవరు ముడతారు? తీరా మీట నొక్కితే మోటారు తిరిగింది గాని సూది కదల్లేదు. వాపసు గడువు పది రోజులు. అది పదకొండో రోజు. కంపెనీ తీసుకోనంది.

"గిట్లయితే కల్లూరుకు పత్తి ఏరనీకి పోవుడే సారూ" అంది కరియమ్మ.

లా చదువుతున్న మా అమ్మాయి హేమ ఫిర్యాదు రాసి ఆన్‌లైన్‌లోనే వేసింది. "వకీలు అక్కర్లేదక్కా, నువ్వే మాట్లాడొచ్చు."

"నాకేడ మాట్లాడొస్తది?"

"నీ మాటలు గల్లీ అంత రోజు వింటనే ఉన్నది గద!" అంది హేమ.

ఇవాళ పదకొండు కాగానే ఫోనును దారాల డబ్బాకు ఆనించాము. తగాదా ఏదైనా తమ ఊరి కోర్టులోనే తేలాలని షరతుల్లో రాసి ఉందన్నాడు కంపెనీ వకీలు. కొన్నవాళ్లు తామున్న చోటే ఫిర్యాదు చేయవచ్చని చట్టం చెబుతోందన్నారు కమిషన్ అధ్యక్షురాలు. అప్పుడాయన, పూజలో నీళ్లు పడి పాడైందేమో అన్నాడు.

కరియమ్మ కన్నడంలో మొదలుపెట్టి, కోపంలో తెలుగులోకి వచ్చేసింది. అధ్యక్షురాలు ఆపలేదు. ఆ దయ నేను మరువను.

"మిషన్‌కు కుంకుమ పెడ్తం సాబ్, తానం చేయించం. పది దినాల్ల ఇప్పితే సూది కదులుతుండెనా? అది మీ కాడనే పాడైంది. పెట్టెల పండుకున్నది, గంతే!"

వకీలు కాగితాలు తిరగేశాడు. లోపమున్న సరుకును వాపసు తీసుకోననే హక్కు అమ్మినవాళ్లకు లేదని, ఆ నియమాన్ని ఆయనకే చదివి వినిపించారు అధ్యక్షురాలు. హేమ నా చేయి గట్టిగా పట్టుకుంది.

ఫిబ్రవరి మొదట్లో ఒక సాయంత్రం తీర్పు వచ్చింది. ముప్పై రోజుల్లో కొత్త మిషన్ ఇవ్వాలి. హేమ చదువుతుంటే కరియమ్మ అడ్డుపడింది.

"నా పేరు యాడుంది?"

"మీదనే ఉందక్కా. ఫిర్యాది, కరియమ్మ. కంపెనీ పేరు నీ కింద."

"అంత పెద్ద కంపెనీ, నా కింద?"

"నీ కిందనే."

ఆమె ఆ వరుస మీద వేలుపెట్టి చాలాసేపు కూర్చుంది. తర్వాత కొంగు బిగించి, మిషన్ వచ్చే మూలను ఊడ్చి, తడిబట్టతో తుడిచి, తలెత్తుకుని ఇంటికి నడిచింది. ఆమె మలుపు తిరిగేదాకా హేమ గడపలో నిలబడింది. ఆపైన చప్పుడు కాకుండా వీధి తలుపు వేసింది.