తిమింగలానికి పెద్దకొడుకు

థోవా మోటారుసైకిలు వెనక కూర్చున్న మనిషి పొద్దుటి నుంచి నోరు మూయలేదు. పేరు ఖాయ్. సైగాన్‌లో పెద్ద ఉద్యోగమట, వచ్చే నెలలో పెళ్ళట. ఈలోగా అసలు సిసలైన పల్లెనీ సముద్రాన్నీ చూసి రావాలని బయల్దేరాడు. వరిచేను కనిపిస్తే చాలు, దిగి ఫోనుని కర్రకి తగిలించి దాని ముందు మురిసిపోతాడు. నెత్తళ్ళ చేపలు ఎండబెట్టిన చాపల దగ్గర ముక్కు మూసుకుంటూనే ఇది స్వర్గమని ఫోనుకి చెప్పాడు. బురదలో పడుకున్న గేదెకి కూడా జీవితం గురించి నాలుగు ముక్కలు చెప్పి వచ్చాడు. అంతసేపూ థోవా బండికి ఆనుకుని చెరుకురసం తాగింది. ఇలాంటి శాల్తీల్ని తిప్పడం మొదలుపెట్టాక ఆమెకి మనుషుల మీద గౌరవం బొత్తిగా పోయింది.

దేవుళ్ళ మీద అంతకుముందే పోయింది. టిన్ అనే ఆమె మొగుడు ఓ తుఫాను రాత్రి పడవలో వెళ్ళి తిరిగి రాలేదు. మనిషి ఆనవాలు కూడా దొరకలేదు. ఆనవాయితీ ప్రకారం మట్టితో బొమ్మ చేసి సమాధి కట్టిద్దామని ఊరంతా చెప్పి చూసింది. “మట్టిబొమ్మని పట్టుకుని ఏడవమంటారా? నాకంత తీరిక లేదు,” అనేసి థోవా, చావుకి కట్టే తెల్లగుడ్డ తలకి కట్టకుండానే ఉండిపోయింది. ఆపదలో ఉన్న పడవల్ని వీపున మోసుకొచ్చే తిమింగలస్వామి గుడికి వెళ్ళడమూ మానేసింది. ఆ రాత్రి మీ స్వామి ఎక్కడ నిద్రపోయాడో కనుక్కుని చెప్పమని ఊరంతా ఆరోతాత అని పిలిచే పూజారిని మొహం మీదే అడిగింది. ఆయన ఇంకా కనుక్కోలేదు.

మధ్యాహ్నం సరుగుడు తోపు దాటుతుంటే ఒడ్డున ఇసుకలో పెద్దగా, నల్లగా ఏదో కనిపించింది. థోవాకి చూడగానే తెలిసిపోయింది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన తిమింగలాన్ని ఎవరు ముందు చూస్తే వాళ్ళే దానికి పెద్దకొడుకు. ఆడదైనా సరే. తలకి తెల్లగుడ్డ కట్టుకుని కన్నతండ్రికి చేసినట్టు కర్మ చేయాలి, మూడేళ్ళు మైల పాటించాలి. ఆ ఇంటికి సముద్రం ఇక ఏ లోటూ చేయదంటారు. ఆ భాగ్యం కోసం ఊళ్ళో జాలర్లు మొహం వాచి ఉన్నారు.

ఇప్పుడా వచ్చావు అనుకుంది థోవా. బండి వేగం పెంచింది.

“అక్కా, ఆపు ఆపు. అదేంటది?”

“దుంగ.”

“దుంగకి తోకుంటుందా?”

బండి పూర్తిగా ఆగకముందే ఖాయ్ దూకేశాడు. కర్ర, ఫోను, చిరునవ్వు అన్నీ సర్దుకుని తిమింగలం పక్కన నిలబడ్డాడు. “చూశారా, ఎంత పెద్ద చేప చచ్చిపడుందో. దీన్ని ముందు చూసింది నేనే.” అతని గొంతు తోపు అవతల వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళ దాకా పోయింది. స్వామిని పట్టుకుని చేప అన్నందుకు, చచ్చిందన్నందుకు ముసలివాళ్ళు లెంపలేసుకున్నారు. కబురందుకున్న ఆరోతాత తెల్లగుడ్డ పట్టుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

“ముందు చూసిందెవరు?”

“నేనే తాతా. వీడియో కూడా ఉంది.”

“పెట్టి పుట్టావు నాయనా. కాస్త తల వంచు.”

తలకి గుడ్డ కట్టించుకుని ఖాయ్ మరో ఫోటో తీసుకున్నాడు. ఇది ఎంతసేపు ఉంచుకోవాలని ఆ తర్వాత అడిగాడు. ఆరోతాత చెప్పాడు.

“మూడేళ్ళా? వచ్చే నెల నా పెళ్ళి తాతా.”

“వాయిదా వేసుకో. తండ్రి పోతే వేసుకోవా?”

“తండ్రేంటండీ, చేపైతేనూ.”

ఖాయ్ గుడ్డ విప్పేశాడు. పొద్దుటి నుంచి అతని బుర్ర పనిచేసింది అప్పుడొక్కసారే. “అసలు ముందు చూసింది నేను కాదు, ఈ అక్క. దుంగ అని చెప్పింది. చూడకుండానే చెప్పిందా?”

అందరూ థోవా వైపు తిరిగారు.

“చూశావా అమ్మాయ్?” అన్నాడు ఆరోతాత.

“చూశాను.”

“మరెందుకు చెప్పలేదు?”

“మీ స్వామి నా మొగుణ్ణి చూసి చెప్పాడా?”

ఆరోతాత తలదించుకున్నాడు. “నిన్ను బలవంతపెట్టను. పెద్దకొడుకు లేకుండా మట్టి చేయలేం. పోటు వస్తోంది. స్వామిని మళ్ళీ లోపలికి లాక్కుపోతుంది. ఇంక ఆనవాలు కూడా దొరకదు.”

ఆనవాలు దొరక్కపోవడమంటే ఏమిటో థోవాకి ఎవరూ చెప్పక్కర్లేదు. తిమింగలం దగ్గరికి నడిచింది. గుల్లలు పట్టిన దాని వీపు మీద చెయ్యి వేసింది. “ఇంత వీపు పెట్టుకుని ఒక్క మనిషి బరువయ్యాడా నీకు?” అంది. అది మూసుకున్న కన్ను తెరవలేదు. కెరటం వచ్చి దాని తోకని కదిపింది.

థోవా ఖాయ్ చేతిలోంచి గుడ్డ లాక్కుంది. ఇసుక దులిపి తలకి గట్టిగా కట్టుకుంది. ఆడవాళ్ళు శోకాలు మొదలుపెట్టబోతే, “అవి తర్వాత. ముందు సారా తెండి, కడగాలి,” అని కసిరింది.

సారాతో తడిపిన గుడ్డ పెట్టి ఆ పెద్ద మొహాన్ని కడగడం మొదలుపెట్టింది. నుదురు, కళ్ళు, మూతి. టిన్ మొహం ఇలా కడగాల్సింది. కడుగుతూ కడుగుతూ ఇసుకలో కూలబడి, ఊరు ఇన్నాళ్ళూ ఆమె నోట వినని ఏడుపు ఏడ్చింది.

ఖాయ్ మెల్లగా ఫోను పైకెత్తాడు. థోవా తల తిప్పకుండానే అంది.

“అది దించు బాబూ. బస్సు దగ్గరికి నడిచి పో. మా ఇంట్లో మనిషి పోయాడు.”