కింది అర

“ఈగలకు చక్కెర పానకమా? జర చాయ్ గూడ కాచి పొయ్యరాదే!” అన్నది సమ్మవ్వ, వంటింటి గుమ్మంలో నిలబడి. కోడలు వనజ చక్కెర, నీళ్లు సమంగా పోసి కలుపుతూనే ఉంది. చెప్పి చెప్పి ఆమెకు నోరు నొచ్చింది.

మందమర్రిలో వాళ్ల బొగ్గుగని క్వార్టరు వెనక వేపచెట్టు కింద ఆ తేనెటీగల పెట్టె పెట్టి ఏడాదయింది. మహిళా సంఘం శిక్షణకు ఐదు రోజులు పోయి తెచ్చుకున్నది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో తనకంటూ తెచ్చుకున్నది అదొక్కటే. అక్కడ నేర్పిన రోజారాణి మేడం మొదటి రోజే చెప్పింది: “పై అరల తేనె మనది. కింది అర వాటి పిల్లలది, వాటి తిండిది. వానకాలం పూలుండవు, దాని జోలికి పోవద్దు. ముందు వాటికి, మిగిలిందే మనకు.” అందరూ రాసుకున్నారు. వనజ మాత్రం పెన్ను పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. మిగలడమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా? ఆదివారం కోడికూర వండితే ముక్కలు భర్తకు, మరిదికి, పిల్లలకు, అత్తకు. గిన్నె తన దగ్గరికొచ్చేసరికి ఇంత పులుసు, అడుగంటిన అన్నం. కడుపు నిండిందా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తనను తాను కూడా ఎన్నడూ అడుక్కోలేదు.

వానలు పట్టగానే రెండు రోజులు హుస్నాబాద్‌లో తల్లిగారింటికి పోయి వచ్చింది. వచ్చేసరికి వాకిట్లో గంజు నిండా పిండేసిన తేనెపట్లు, వాటిలో నలిగిపోయిన తెల్లటి పిల్లపురుగులు. భర్త ప్రేమ్‌సాగర్ గనిలో తనతో పనిచేసే దోస్తుల కోసం సీసాలు నింపుతున్నాడు.

“పొగ పెట్టి తీసిన. కింద గింత తేనె పెట్టుకొని లేదంటవేందే?”

“అది వాటి తిండి. ఎన్నిసార్లు చెప్పిన నీకు?”

“మళ్ల చేస్తయి తియ్. వాటికి వేరే పనేమున్నది?”

ఆ మాట ఆమెకు కొత్త కాదు. జ్వరంతో పడుకున్నా, నడుము పట్టేసినా ఇదే గొంతు, “ఇంట్లనే ఉంటవు, నీకు పనేమున్నది?” అని. అప్పుడెన్నడూ రాని ఏడుపు ఇప్పుడు ఈగల కోసం వచ్చింది.

అప్పటి నుంచే ఈ పానకం. మూడో రోజు సమ్మవ్వ చక్కెర డబ్బా బీరువాలో పెట్టి తాళమేసింది. ఆ తర్వాత ఐదు రోజులు వాన వదలలేదు.

ఆరో రోజు, ఆదివారం, ఎండ కాసింది. వనజ అంట్లు తోముతుంటే పెట్టెలోంచి ఈగలన్నీ ఒక్కసారి లేచాయి. వేపచెట్టు చుట్టూ తిరిగి, క్వార్టర్ల కప్పుల మీదుగా వెళ్లిపోయాయి. మూత తీసి చూస్తే ఒక్కటి లేదు. ఆకలి ఉన్న ఇంట్లో అవి ఉండవని మేడం చెప్పే ఉంది. వాటి మీద వనజకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే అసూయ కలిగింది.

చేతులు కడుక్కుని పోయి కోడికూర వండింది. మధ్యాహ్నం అందరూ కూర్చున్నారు. వనజ ముందుగా ఒక పళ్లెం తీసుకుని వేడి అన్నం పెట్టింది, నాలుగు మంచి ముక్కలు వేసింది, తన పక్కన పెట్టుకుంది.

“అదెవలికే?” అన్నది సమ్మవ్వ.

“నాకు, అత్తమ్మా,” అన్నది వనజ కూర్చుంటూ. “మిగిలింది మీకు.”